కదలికకూ మోతాదు ఉన్నది

వ్యాయామంతో వైద్యం చేసేవారి పని ఏమిటి? వారికి ఉండవలసిన అర్హత ఏమిటి?

కుష్ఠువ్యాధి చేతి నరాలను దెబ్బతీసినప్పుడు వేళ్లు లోపలికి వంగి, పక్షి గోళ్లవలె బిగుసుకొనిపోతాయి. ముద్ద కలుపుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, కలం పట్టుకోవడం వంటి చిన్న పనులు కూడ అసాధ్యమవుతాయి. 1946లో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ అటువంటి చేతులను బాగుచేసే పనికి పూనుకొన్నారు. వ్యాధి సోకని ఒక కండరపు స్నాయువును దారి మళ్లించి, చచ్చుబడిన కండరం చేయవలసిన పనిని దానికి అప్పగించడం ఆయన అనుసరించిన మార్గం.

అయితే శస్త్రచికిత్స ఎంత నేర్పుతో జరిగినా, కట్టు విప్పిన నాడే ఆ చేయి పనిచేయదు. నిన్నటివరకు ఒక వేలిని వంచడానికి అలవాటుపడిన కండరం నేటినుంచి వేరొక పని చేయవలసి ఉన్నది. ఆ సంగతి మెదడుకు తెలియదు. రోగి ఒక కదలికను తలచుకొంటే మరొక కదలిక వస్తుంది. దినదినమూ కొద్దికొద్దిగా అభ్యాసం చేయించి, పాత కండరానికి కొత్త పని నేర్పవలసి ఉంటుంది. పైగా కుష్ఠువ్యాధి సోకిన చేతికి స్పర్శ ఉండదు. నొప్పి అనే హెచ్చరిక లేనందున అభ్యాసం హద్దు మీరినా రోగికి తెలియదు. ఆ హద్దును గుర్తించవలసినది పక్కన కూర్చొని అభ్యాసం చేయించే మనిషే.

ఈ పని చేసేవారే వ్యాయామ చికిత్సకులు. మన ఆసుపత్రులలో వారిని ఫిజియోథెరపిస్టులని పిలుస్తారు. శస్త్రవైద్యుని పేరు జ్ఞాపకం ఉంచుకొనే రోగులు చాలామంది వీరి పేరు అడగరు. కాని చేయి తిరిగి చేయిగా పనిచేయడంలో వీరి భాగం స్వల్పమైనది కాదు.

చక్రాల కుర్చీలోనుంచి

వేలూరులోనే ఈ సత్యాన్ని తన శరీరంమీద అనుభవించి తెలుసుకొన్న వైద్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో జరిగిన కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాముకు దెబ్బ తగిలి నడుము కింది భాగం చచ్చుబడిపోయినది. వైద్యవృత్తి అంతటితో ముగిసిందని అందరూ భావించదగిన స్థితి అది. ఆమె మాత్రం చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. పునరావాస వైద్యంలో శిక్షణ కోసం ఆస్ట్రేలియాకు, ఆ తరువాత న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థకు వెళ్లారు. తిరిగివచ్చి 1963లో వేలూరులో పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడ రోగులు వసించి చికిత్స పొందే పునరావాస కేంద్రం ఏర్పడినది. 1972లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించినది. పొరుగున ఉన్న చిత్తూరు జిల్లానుంచి, దూరాన ఉన్న తెలుగు జిల్లాలనుంచి కూడ రోగులు ఎందరో వేలూరు చేరుకొంటూ ఉంటారు.

ప్రాణం కాపాడడంతో వైద్యం పని పూర్తికాదనీ, ఆ ప్రాణం ఉన్న మనిషి మంచంమీదనుంచి లేచి తన పనులు తాను చేసుకొనగలగాలనీ చెప్పేదే పునరావాస వైద్యం. అందులో వ్యాయామం ప్రధానమైన ఔషధం. ఔషధమన్న తరువాత దానికి మోతాదు ఉండక తప్పదు.

తక్కువైనా చేటు, ఎక్కువైనా చేటు

ఒకప్పుడు విశ్రాంతియే సర్వరోగ నివారిణి అని వైద్యులు కూడ నమ్మేవారు. గుండెపోటు వచ్చిన రోగిని వారాల తరబడి మంచంమీదనుంచి కదలనిచ్చేవారు కారు. 1952లో అమెరికన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అటువంటి రోగులను త్వరగా లేపి కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని ప్రకటించారు. అంతమాత్రమే ఆ రోజులలో సాహసంగా కనిపించినది. నేడు గుండెజబ్బు తరువాత క్రమబద్ధమైన వ్యాయామం చికిత్సలో ఒక భాగం.

కండరాల విషయంలోనూ ఇటువంటి మార్పే వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల మోకాళ్లకు తేలికైన బరువులతో అనేక పర్యాయాలు వ్యాయామం చేయించడం వాడుకగా ఉండేది. థామస్ డెలోర్మ్ అనే సైనిక వైద్యుడు ఇందుకు భిన్నంగా ఆలోచించాడు. రోగి పది పర్యాయాలు మాత్రమే ఎత్తగల బరువును కొలిచి, దానిని ఆధారంగా చేసుకొని, బలం పెరిగేకొద్దీ బరువును పెంచుతూపోయాడు. 1945లో ఆయన ప్రకటించిన ఈ పద్ధతి వ్యాయామాన్ని అంకెలలో కొలవదగిన చికిత్సగా మార్చినది.

కదలిక మంచిదైతే ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోవడం సహజం. కాని ఆ ఊహ నిజం కాదని 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన నిరూపించినది. ఐదు దేశాలలో 2,104 మంది పక్షవాత రోగులు అందులో పాల్గొన్నారు. ఒక వర్గం వారిని జబ్బు వచ్చిన 24 గంటలలోపే లేపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలించారు. రెండవ వర్గం వారికి మామూలు పద్ధతిలో చికిత్స జరిగినది. మూడు నెలల తరువాత చూస్తే మొదటి వర్గంలో 46 శాతం మంది, రెండవ వర్గంలో 50 శాతం మంది చక్కగా కోలుకొన్నారు. అనగా తొందరపాటు మేలు చేయలేదు సరికదా, కొంత చేటు చేసినది. ఒకేసారి ఎక్కువసేపు శ్రమపెట్టడంకంటె కొద్దిసేపు చొప్పున పలుమార్లు కదిలించడం మేలని ఆ సమాచారాన్ని తిరిగి పరిశీలించినవారు గ్రహించారు.

అట్లని తీవ్రమైన వ్యాయామం పక్షవాతానికి పనికిరాదని చెప్పరాదు. 2006లో వెలువడిన మరొక పరిశోధనలో 222 మంది రోగులు పాల్గొన్నారు. వారికి జబ్బు వచ్చి మూడునుంచి తొమ్మిది నెలలు గడిచినవి. వారిలో ఒక వర్గం వారి మంచి చేతికి తొడుగు తొడిగి, రెండు వారాలపాటు రోజుకు గంటల తరబడి బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. వారి చేయి గుర్తించదగినంత మెరుగుపడినది. కాని ఇది మణికట్టులోను, వేళ్లలోను కొంతైనా కదలిక మిగిలిన వారికే వర్తించే చికిత్స. ఏమాత్రం కదలిక లేని రోగికి మంచి చేతిని కట్టివేస్తే మిగిలేది నిస్పృహ మాత్రమే.

ఒకే జబ్బుకు ఒక సమయంలో చేటు చేసినది మరొక సమయంలో మేలు చేస్తున్నది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగడమే ఈ వృత్తిలోని విద్య.

చేయకూడనిది తెలియడం

ఎముక విరిగినవారు సిమెంటు కట్టుతో వచ్చినా, లోపల లోహపు పలక వేయించుకొని వచ్చినా, పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చినా, ఎముక అతికిన తరువాత ఎదురయ్యే సమస్య ఒకటే. కదలక మెదలక ఉండిపోయిన కీలు బిగిసిపోయి ఉంటుంది. దానిని వంచాలి. కాని బలవంతంగా వంచితే మోచేయి వంటి కీళ్లలో వాపు, కొన్ని సమయాలలో కండరంలోనే ఎముకవంటి పదార్థం ఏర్పడడం సంభవిస్తాయి. మోచేతిని పట్టుకొని మర్దన చేసే అలవాటు మన పల్లెలలో ఎంతమంది చేతులను శాశ్వతంగా బిగించివేసినదో ఎముకల వైద్యులకు తెలుసు.

పక్షవాత రోగి భుజం మరొక ఉదాహరణ. కండరాలు వదులైపోవడంతో చేతి బరువుకు భుజపు కీలు జారి ఉంటుంది. రోగిని మంచంమీదనుంచి లేపడానికి ఇంటివారు ఆ చేతినే పట్టి లాగుతారు. దూలానికి కప్పీ కట్టి, మంచి చేతితో చచ్చుబడిన చేతిని పైకి లాగించేవారూ ఉన్నారు. ఆ ప్రేమతో కూడిన ప్రయత్నమే భుజంలో భరించరాని నొప్పిని తెచ్చిపెట్టగలదు. శిక్షణ పొందిన చికిత్సకుడు మొదట చేసే పని ఆ చేతికి సరియైన ఆధారం కల్పించి, ఎక్కడ పట్టుకొని లేపాలో ఇంటివారికి చూపడం.

ఇంతకంటె ప్రమాదకరమైనది ఇంకొకటి ఉన్నది. చాలాకాలం మంచంమీద ఉన్న రోగి పిక్క వాచి నొప్పి పెడితే లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చు. దానిని నూనెతో మర్దించితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణానికే ముప్పు తేగలదు. ఇటువంటి పిక్కను చూడగానే చేయి తీసివేసి, రోగిని డాక్టరువద్దకు పంపగలిగినవాడే నిజమైన చికిత్సకుడు. వ్యాయామాలు ఎన్ని తెలుసునన్న దానికంటె, వ్యాయామం ఎప్పుడు ఆపాలో తెలుసునా అన్నది అతని అర్హతకు గట్టి పరీక్ష.

పోలియో నాటిన విత్తనం

స్వతంత్ర భారతదేశంలో ఈ వృత్తి వేళ్లూనడానికి ముఖ్యకారణం పోలియో వ్యాధి. కాళ్లు చచ్చుబడిన పసిపిల్లలు వేల సంఖ్యలో ఉండగా, వారికి వ్యాయామం చేయించగల శిక్షితులు దేశంలో లేకపోయిరి. 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ కృషివలన ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల ఆరంభమైనది. ఆ దశకపు తొలి సంవత్సరాలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల వెలిసినది. 1955లో బొంబాయిలోనే అఖిల భారత భౌతిక వైద్య, పునరావాస సంస్థ స్థాపితమైనది.

పోలియో చికిత్స చరిత్రలో ఆలోచింపదగిన సంఘటన ఒకటి ఉన్నది. పోలియో సోకిన పిల్లల కాళ్లను నెలల తరబడి బద్దలతో కట్టి కదలకుండా ఉంచడం ఆ కాలపు పద్ధతి. ఆస్ట్రేలియా పల్లెలలో నర్సుగా పనిచేసిన ఎలిజబెత్ కెన్నీ ఆ పద్ధతిని ఎదిరించినది. వేడి ఉన్నిగుడ్డలతో కాపడం పెట్టి, వీలైనంత త్వరగా కండరాలను కదిలించడం ప్రారంభించినది. ఆమెకు పద్ధతి ప్రకారం పొందిన పట్టా లేదు. వైద్యులు ఆమెను చాలాకాలం తిరస్కరించారు. 1942లో అమెరికాలోని మినియాపోలిస్‌లో ఆమె పేర చికిత్సాలయం ఏర్పడిన తరువాత, కాళ్లను కట్టివేసే పద్ధతి క్రమంగా వెనుకబడినది.

పట్టా లేని మనిషి పండితులను సరిదిద్దినప్పుడు అర్హతలమీద ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు కూడ కెన్నీ కథలోనే ఉన్నది. ఆమె చేతి పని మంచిదే కాని, వ్యాధిని గురించి ఆమె ఇచ్చిన వివరణ నిలువలేదు. ఏది పనిచేస్తున్నదో, ఎందుకు పనిచేస్తున్నదో వేరుచేసి పరీక్షించినవారు శిక్షణ పొందిన వైద్యులు, చికిత్సకులే. ఒక ప్రతిభావంతురాలికి తోచిన సంగతిని వేలమంది సామాన్యులు పొరపాటు లేకుండ చేయగలిగేటట్లు మలచడానికే చదువు, పరీక్ష, పట్టా అవసరమైనవి.

భారతదేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014లో మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ లభించినది. పోలియో వెళ్లిపోయినా చికిత్సకుని అవసరం తగ్గలేదు. పక్షవాతం, రహదారి ప్రమాదాలు, మోకాలి చిప్పల మార్పిడి, మధుమేహంతో వచ్చే అవయవనష్టం, వార్ధక్యం ఆ స్థానాన్ని ఆక్రమించినవి. 2019లో ప్రపంచంలో సుమారు 241 కోట్ల మందికి ఏదో ఒక రూపంలో పునరావాస చికిత్స ఉపయోగపడగల స్థితి ఉన్నదని అంతర్జాతీయ అంచనా. అనగా ప్రతి ముగ్గురిలో ఒకరు.

చదువు, చట్టం

ఫిజియోథెరపీ పట్టా కోర్సు మన దేశంలో చాలాకాలంగా నాలుగు సంవత్సరాల చదువు, ఆపై ఆరు నెలల ఆసుపత్రి శిక్షణగా నడిచినది. 2025లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక దీనిని ఐదు సంవత్సరాలకు పెంచినది. విద్యార్థి శరీర నిర్మాణం, శరీర ధర్మం, కదలిక శాస్త్రం, వ్యాయామ చికిత్స, విద్యుత్ చికిత్స నేర్చుకొంటాడు. ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులలో వాటిని ప్రయోగించడం అభ్యసిస్తాడు. ఆపై ఒక విభాగంలో ప్రావీణ్యం కోసం రెండేళ్ల స్నాతకోత్తర విద్య ఉన్నది.

విద్య ఉన్నా చట్టం చాలాకాలం వెనుకబడినది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం మాటల లోపాలను సరిదిద్దేవారిని, కృత్రిమావయవాలు అమర్చేవారిని, ప్రత్యేక ఉపాధ్యాయులను నమోదు చేసినది కాని, ఫిజియోథెరపిస్టులను అందులో చేర్చలేదు. ఢిల్లీ 1997లో తనకు తాను ఒక చట్టం చేసుకొన్నది. దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గాని రాలేదు. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టమని దాని పేరు. ఆ చట్టం ఫిజియోథెరపీని, ఆక్యుపేషనల్ థెరపీని వేరువేరు వృత్తులుగా గుర్తించినది. కనీస చదువు ఎంత ఉండాలో నిర్ణయించి, పట్టికలో పేరు నమోదైనవారే ఆ వృత్తి చేయాలని నియమించినది. రాష్ట్రాలలో మండలుల ఏర్పాటు మాత్రం మందకొడిగా సాగినది. చట్టాన్ని రెండు నెలలలో అమలుపరచవలసిందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చినది.

సామాన్యులకు ఈ వృత్తుల మధ్య తేడా తెలియకపోవడం కూడ ఒక చిక్కు. నడక, బలం, కీళ్ల కదలిక, ఊపిరి వంటివి ఫిజియోథెరపిస్టు చూస్తాడు. ఆ బలంతో భోజనం, స్నానం, వంట, ఉద్యోగం వంటి నిత్యకృత్యాలు ఎట్లా చేసుకోవాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు నేర్పుతాడు. పునరావాస వైద్యుడు ఎం.బి.బి.ఎస్. తరువాత ఆ శాఖలో ఎం.డి. చదివినవాడు. వ్యాయామశాలలో శిక్షకుడు ఆరోగ్యవంతుని బలవంతునిగా చేయగలడు. మాలిష్ చేసేవాడు అలసట తీర్చగలడు. వారి పనికి ఉండవలసిన గౌరవం వారికి ఉన్నది. కాని జబ్బుపడిన దేహాన్ని పరీక్షించి మోతాదు నిర్ణయించే శిక్షణ వారికి లేదు.

ఇంటివారు చేయగలిగినది

చికిత్సకులు పట్టణాలలో ఉన్నారు, రోగులు పల్లెలలో ఉన్నారు. కనుక ఇంటివారికే నేర్పితే సరిపోదా అన్న ఆలోచన సహజంగానే కలిగినది. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1,250 మంది పక్షవాత రోగులతో దీనిని పరీక్షించారు. ఒక వర్గంలో కుటుంబ సభ్యునికి వ్యాయామాలు నేర్పి ఇంటివద్ద చేయించారు. రెండవ వర్గానికి మామూలుగా లభించే చికిత్సయే లభించినది. 2017లో ఫలితాలు వెలువడినవి. ఆరు నెలలకు మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిసి రెండు వర్గాలలోనూ 47 శాతమే. తేడా కనిపించలేదు.

ఇంటివారి సేవ వ్యర్థమని దీని అర్థం కాదు. వారు లేనిదే ఏ రోగీ కోలుకోలేడు. కొద్దిపాటి శిక్షణతో ఆ భారాన్ని మొత్తం వారిమీద మోపి చేతులు దులుపుకోరాదని మాత్రమే దీని తాత్పర్యం. చికిత్సకుడు మోతాదు నిర్ణయించాలి. ఇంటివారు దానిని నిత్యమూ జరిపించాలి. కొంతకాలానికొకసారి చికిత్సకుడు మరల పరీక్షించి మార్చాలి.

ఇక రోగి చేయవలసిన పని రోగిదే. నర్తకి సుధాచంద్రన్ కథ తెలుగువారికి 'మయూరి' చిత్రం ద్వారా సుపరిచితం. 1981లో ప్రమాదం తరువాత ఆమె కుడికాలు తీసివేశారు. జైపూర్ పాదం అమర్చుకొని, 1984లో ఆమె తిరిగి వేదికనెక్కి నాట్యం చేసినది. పాదాన్ని అమర్చడానికి పట్టే కాలానికీ, దానితో నాట్యం చేయడానికి పట్టిన కాలానికీ మధ్య ఎంత అభ్యాసం ఉన్నదో ఊహించవచ్చు. ఆ అభ్యాసాన్ని ఎవరూ ఎవరి తరపునా చేయలేరు.

అడగవలసిన ప్రశ్నలు

చికిత్సకుని ఎన్నుకొనే కుటుంబం సంకోచించకుండ కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. పట్టా ఏది, ఎక్కడ చదివారు, ఏ మండలిలో పేరు నమోదైనది? చేయి వేయడానికి ముందు రోగిని పరీక్షించి, వైద్యుని కాగితాలు చూశారా? నాలుగు వారాలలో రోగి ఏ పని చేయగలగాలని ఆశిస్తున్నారు? ఏ లక్షణం కనిపిస్తే వ్యాయామం ఆపాలి? ఇంటివద్ద ఏమి, ఎన్ని పర్యాయాలు చేయాలో కాగితంమీద వ్రాసి ఇస్తారా? ప్రతిదినమూ రోగిని పడుకోబెట్టి యంత్రం తగిలించి వెళ్లిపోయేవారి విషయంలో జాగ్రత్త వహించడం మంచిది. వేడి, విద్యుత్తు నొప్పి తగ్గించడంలో తోడ్పడవచ్చును గాని, నడవడం నేర్పలేవు.

ఖర్చు, దూరం అడ్డువచ్చే కుటుంబాలు ప్రభుత్వ బోధనాసుపత్రులలోని ఫిజియోథెరపీ విభాగాలను విచారించవచ్చు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే బర్డ్ ఆసుపత్రి వంటివి అంగవైకల్యం కలిగినవారికోసమే నెలకొన్నవి. నెలకు ఒకటి రెండు పర్యాయాలైనా అర్హత కలిగినవారికి చూపించి, మోతాదు సరిచూపించుకొంటే, మిగిలిన దినాలలో ఇంటివారు చేసే శ్రమ సార్థకమవుతుంది. మందు సీసామీద మోతాదు చదవకుండ ఎవరూ మందు త్రాగరు. వ్యాయామం విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం.